మొదటి కాన్పులో బీపీ వచ్చింది, ఇప్పుడు రెండోది: తప్పు నా జీన్స్‌దే అంటున్నారు, నిజమేనా?

చంద్రగిరి_కోట:
అందరికీ నమస్తే. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నా గానీ రాయడం ఇదే మొదలు. విషయం పెద్దది, కాస్త ఓపిక పట్టండి. మాది చంద్రగిరి పక్కన, ఉద్యోగం తిరుపతిలో. ఐదేళ్ల కిందట మా ఆవిడకు మొదటి కాన్పప్పుడు 33వ వారంలో ఉన్నట్టుండి బీపీ 170/110కి పోయింది, ఒకటే తలనొప్పి, కళ్ల ముందు మెరుపులు. అంతకు పది రోజుల ముందే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చూపించాం. స్కాన్ తీశారు, డబ్బులు కట్టించుకున్నారు, బీపీ మాత్రం చూడలేదు (పేరు రాయను, గొడవలు వద్దు). చివరికి అర్ధరాత్రి అంబులెన్సులో తిరుపతికి తీసుకొస్తే ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. కిలోన్నర పాప. ఇప్పుడు ఎల్‌కేజీ, ఇల్లు పీకి పందిరేస్తోంది.

ఇప్పుడు మళ్లీ నెల తప్పింది. మాది మేనరికం, మేనమామ కూతుర్నే చేసుకున్నా. మా అమ్మ ఐదేళ్లుగా "ఉప్పూకారం ఎక్కువ తిన్నది, అందుకే అట్లయింది" అంటూనే ఉంది. మొన్న మా బావమరిది ఎక్కడో ప్రీఎక్లాంప్సియా (గర్భంతో ఉన్నప్పుడు బీపీ పెరిగి, యూరిన్‌లో ప్రొటీన్ పోయే జబ్బు, మా ఆవిడకు వచ్చింది అదే) మీద పరిశోధన చదివొచ్చి, అన్నం తింటుండగా "తప్పు మా అక్కది కాదు, బావ జీన్స్‌ది, సైంటిస్టులే చెప్పారు" అన్నాడు. ఇక చూడండి ఇల్లు. మా అమ్మ విస్తరి ముందు నుంచి లేచి పోయింది. అసలు ఇందులో నిజమెంత? తెలిసినవాళ్లు చెప్పండి.

రాగిముద్ద_నాటుకోడి:
బావమరిదికి ముందు ఒక దండం పెట్టన్నా. అన్నం ముందు కూర్చుని జన్యుశాస్త్రం మాట్లాడేవాడు ప్రతి ఇంట్లో ఒకడుంటాడు.

పలమనేరు_అక్క:
నాయనా, మా కాలంలో దీన్ని గుర్రపువాతం అనేవాళ్లు. మా చిన్నత్త మొదటి కాన్పులో ఫిట్స్ వచ్చి పోయింది, నాకప్పుడు ఏడేళ్లు. గాలి సోకిందని దారాలు కట్టించారు, బండి కట్టి టౌనుకు తీసుకుపోయేసరికి అయిపోయింది. కాళ్లకు నీళ్లు దిగితే మామూలే అనుకునేవాళ్లం, ముఖం కూడా ఉబ్బితే భయపడేవాళ్లం. అమ్మాయికి ఉప్పు తగ్గించు, మంచం దిగనీయొద్దు. మీ అమ్మ చెప్పేదాంట్లో తప్పేముంది?

ల్యాబ్_ఎలుక:
ఇది నా సబ్జెక్టుకు దగ్గరగా ఉంది కాబట్టి ఆగలేకపోతున్నా. తిరుపతిలోనే ఇమ్యునాలజీలో (ఒంటి రోగనిరోధక శక్తి గురించిన చదువు) పీహెచ్‌డీ చేస్తున్నా, డాక్టర్‌ని కాదు, ముందే చెబుతున్నా.

బావమరిది చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, కానీ ముక్క పట్టుకుని మొత్తం కథ చెప్పాడు. 1953లో పీటర్ మెడావర్ అనే ఆయన ఒక ప్రశ్న వేశారు (1960లో నోబెల్ వచ్చింది ఆయనకు). బిడ్డలో సగం తండ్రిది. అంటే తల్లి ఒంటికి సగం పరాయిది. వేరేవాళ్ల కిడ్నీ పెడితే ఒళ్లు దాన్ని తోసేస్తుంది కదా, మరి తొమ్మిది నెలలు బిడ్డను ఎలా ఉంచుకుంటోంది? అప్పట్లో ఆయన ఊహించిన సమాధానాలు చాలావరకు నిలబడలేదు గానీ ఆ ప్రశ్న నుంచే ఈ శాఖ మొత్తం పుట్టింది.

అసలు సంగతి ఏమంటే తల్లి ఒళ్లు నేరుగా తాకేది బిడ్డను కాదు, మాయను (ప్లాసెంటా). మాయలోని కణాలు మామూలు కణాలకు ఉండే గుర్తింపు కార్డుల్లో కొన్నిటిని అసలు చూపించవు (హెచ్‌ఎల్‌ఏ-ఎ, బి అనేవి), హెచ్‌ఎల్‌ఏ-సి, జి లాంటివి మాత్రం చూపిస్తాయి. తల్లి వైపు గర్భసంచి పొరలో తొలి నెలల్లో ఉండే తెల్లకణాల్లో దాదాపు 70 శాతం ఎన్‌కే కణాలు. ఎన్‌కే అంటే నేచురల్ కిల్లర్. పేరు చూసి భయపడొద్దు, ఇవి అక్కడ ఎవరినీ చంపవు. పేరు పెట్టినవాళ్ల తొందర అది.

మన చెరువు తూము గుర్తు తెచ్చుకోండి. తూము సన్నగా ఉంటే చివరి మడికి నీళ్లు పారవు. గర్భసంచిలో తల్లి రక్తనాళాలు మొదట అలాంటి సన్న తూములే. మాయ కణాలు లోపలికి చొచ్చుకుపోయి, ఆ నాళాల కండ తీసేసి, వెడల్పు చేస్తాయి. అప్పుడే రక్తం నెమ్మదిగా, ధారాళంగా పారుతుంది. వాటిని ఎంత దూరం రానివ్వాలో చూసేది తల్లి ఎన్‌కే కణాలు. మరీ లోపలికి వచ్చేస్తే మాయ గర్భసంచికి అతుక్కుపోతుంది, అదొక ప్రమాదం. తగినంత రాకపోతే తూములు సన్నగానే మిగిలిపోతాయి, ప్రీఎక్లాంప్సియాకు ఒక మూలం అక్కడుంది.

కేంబ్రిడ్జ్‌లో ఆష్లీ మాఫెట్ బృందం 2004లో చెప్పింది ఇదే. తల్లి ఎన్‌కే కణాల మీద ఉండే, ఆ గుర్తింపు కార్డులను చదివే కిర్ అనే గ్రాహకాల్లో ఒక రకం, బిడ్డకు వచ్చిన హెచ్‌ఎల్‌ఏ-సి లో ఒక రకం, ఈ రెండూ కలిసినప్పుడు రిస్క్ పెరుగుతుంది. గమనించండి, తల్లిది ఒక్కటే చెడ్డదీ కాదు, తండ్రిది ఒక్కటే చెడ్డదీ కాదు. జోడీ కుదరలేదు, అంతే. ఇంకో విచిత్రం, ఆ జోడీలో తల్లి కణాలు ఎక్కువ కొట్లాడడం వల్ల కాదు సమస్య, ఎక్కువ అణిగిపోవడం వల్ల అని వాళ్ల వాదన. అంటే "తల్లి ఒళ్లు బిడ్డను తోసేస్తోంది" అన్న మాటకు ఇది దాదాపు తలకిందులు.

చిత్తూరు_ఆడిటర్:
బాగుంది గానీ నాకు ఒక లెక్క తేలలేదు. సగం పరాయిదే సమస్య అయితే మేనరికంలో పరాయితనం తక్కువ కదా, రిస్క్ తగ్గాలి. చంద్రగిరి అన్నది మేనరికమే, అయినా వచ్చింది. మీ థియరీ అక్కడే తేలిపోయింది.

ల్యాబ్_ఎలుక:
ఒక్క ఇంటిని చూసి థియరీ నిలబెట్టలేం, పడగొట్టలేం సార్. పైగా మేనమామ బిడ్డను చేసుకున్నా ఇద్దరి మధ్య ఉమ్మడి జన్యువులు సగటున ఎనిమిదో వంతే. బిడ్డకు తండ్రి నుంచి వచ్చే హెచ్‌ఎల్‌ఏ-సి అప్పటికీ తల్లికి లేనిది అయ్యే అవకాశం బాగానే ఉంటుంది. ఇంకోటి, తేడా తక్కువైతే మంచిదని ఈ థియరీ అనడం లేదు. సరైన తేడా కావాలంటోంది.

రేణిగుంట_నర్సక్క:
అందరూ ఆగండి ఒక్క నిమిషం. చంద్రగిరి తమ్ముడూ, ఇప్పుడు ఎన్నో వారం?

చంద్రగిరి_కోట:
తొమ్మిది వారాలు అక్కా.

రేణిగుంట_నర్సక్క:
హమ్మయ్య, టైముంది. జీన్స్ గొడవ తర్వాత చూసుకుందాం. ఈ వారంలోనే గైనకాలజిస్టుకు చూపించు, మొదటి కాన్పు డిశ్చార్జి కాగితాలన్నీ తీసుకుపో, "ఆస్పిరిన్ మొదలుపెట్టాలా" అని నువ్వే అడుగు. వాళ్లు అడిగేదాకా ఆగొద్దు. ముందొకసారి ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లకు చిన్న మోతాదు ఆస్పిరిన్ దాదాపు అందరు డాక్టర్లూ ఇస్తారు, కానీ 12 వారాలప్పుడు మొదలుపెడితే ఉన్నంత పని ఏడో నెలలో మొదలుపెడితే ఉండదు. మా దగ్గరికి వచ్చే కేసుల్లో సగం బాధ అదే, ఆరేడు నెలలు నిండాక వస్తారు, అప్పటికి బీపీ 160, యూరిన్‌లో అల్బుమిన్ త్రీ ప్లస్.

సొంతంగా మెడికల్ షాపులో కొని వేయొద్దు. ఆస్తమా, అల్సర్ లాంటివి ఉంటే వాళ్లు వేరేగా ఆలోచిస్తారు.

పలమనేరు అక్కా, తప్పుగా అనుకోవద్దు, ఉప్పు మానేస్తే ఇది రాకుండా ఆగదు. మంచం మీద పడుకోబెట్టినా ఆగదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లోనే ఈ రెండూ సిఫార్సు చేయడం లేదని రాసింది. ఊరికే పడుకోబెడితే కాళ్లలో రక్తం గడ్డకట్టే భయం ఇంకొకటి.

పలమనేరు_అక్క:
అట్లనా. మరి ఇన్నేళ్లు నేను ఎంతమందికి చప్పిడి కూడు పెట్టానో. పాపం నా కోడలు.

ల్యాబ్_ఎలుక:
నర్సక్క చెప్పిన ఆస్పిరిన్ వెనక పెద్ద ట్రయల్ ఉంది, ఆస్ప్రే అని, 2017లో వచ్చింది. రిస్క్ ఎక్కువున్న 1,776 మంది గర్భిణులు. రోజూ రాత్రి 150 మిల్లీగ్రాములు, 11 నుంచి 14 వారాల మధ్య మొదలుపెట్టి 36వ వారం దాకా. 37 వారాల లోపు డెలివరీ చేయాల్సి వచ్చే రకం ప్రీఎక్లాంప్సియా ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలో 4.3 శాతం, ఆస్పిరిన్ వేసుకున్నవాళ్లలో 1.6 శాతం. నెలలు నిండాక వచ్చే రకం మాత్రం పెద్దగా తగ్గలేదు, అదీ చెప్పాలి.

కాల్షియం కూడా. 2024లో బెంగళూరులోనూ టాంజానియాలోనూ మొదటి కాన్పువాళ్ల మీద, ఒక్కోచోట 11,000 మందితో చేసిన ట్రయల్‌లో రోజుకు 500 మిల్లీగ్రాములు ఇచ్చినా 1,500 ఇచ్చినంత పని చేసిందని తేలింది. బెంగళూరు వైపు ప్రీఎక్లాంప్సియా వచ్చింది 500 వేసుకున్నవాళ్లలో 3.0, 1,500 వేసుకున్నవాళ్లలో 3.6 శాతం.

రాగిముద్ద_నాటుకోడి:
కాల్షియం అంటే మన సబ్జెక్టు. వంద గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాముల పైనే. నా పేరుకు ఇన్నాళ్లకు ఒక అర్థం దొరికింది.

రేణిగుంట_నర్సక్క:
సంగటి తిను, మాత్రా వెయ్యి, ఒకటి చేశామని రెండోది మానొద్దు. ఐరన్ మాత్ర, కాల్షియం మాత్ర ఒకేసారి మింగొద్దు, పొద్దున ఒకటి సాయంత్రం ఒకటి.

చిత్తూరు_ఆడిటర్:
సరే, బీపీకి ఇమ్యూనిటీకి సంబంధం ఏమిటో మాత్రం ఎవరూ చెప్పలేదు. మాయలో తూములు సన్నగా ఉంటే బిడ్డ బరువు తగ్గాలి. తల్లికి కళ్ల ముందు మెరుపులెందుకు? కిడ్నీ ఎందుకు లీకవ్వాలి?

ల్యాబ్_ఎలుక:
ఇదే నాకు ఇష్టమైన భాగం, అందుకే కొంచెం సాగదీస్తా. చాలాకాలం దీన్ని మాయరోగం లాగే చూశారు, ఒళ్లంతా పాకుతుంది, ఎక్కడ మొదలైందో తెలీదు. ఒక్కటి మాత్రం అందరికీ తెలుసు, మాయ బయటికి వస్తేనే జబ్బు దిగడం మొదలవుతుంది. ఇంకా వింత చెప్పనా, కడుపులో బిడ్డే లేకపోయినా ఇది వస్తుంది. ముత్యాల గర్భం విన్నారు కదా, అందులో పూర్తి రకంలో బిడ్డ ఉండదు, మాయ మాత్రమే ద్రాక్ష గుత్తుల్లా పెరుగుతుంది, దాని జన్యువులన్నీ తండ్రివే. అలాంటివాళ్లకు 20 వారాల లోపే ప్రీఎక్లాంప్సియా రావచ్చు. చంద్రగిరి అన్న బావమరిదికి ఈ సంగతి తెలిస్తే ఇంకో రోజు అన్నం మానిపిస్తాడు.

బోస్టన్‌లో అనంత్ కరుమంచి అనే భారత సంతతి కిడ్నీ డాక్టర్ ఉండేవారు. ఆయన బృందం ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్ల మాయల్లో ఏ జన్యువులు అతిగా పనిచేస్తున్నాయో వెతికితే ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 అనే ప్రొటీన్ దొరికింది. రక్తనాళాల లోపలి పొర బాగుండాలంటే వీఈజీఎఫ్, పీఎల్‌జీఎఫ్ అనే పెరుగుదల ప్రొటీన్లు కావాలి. ఈ ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1 వాటిని దారిలోనే పట్టేసుకుంటుంది. తూములు సన్నగా ఉండి రక్తం చాలక ఇబ్బందిలో పడ్డ మాయ దీన్ని తల్లి రక్తంలోకి కుమ్మరిస్తుంది. అప్పుడు కిడ్నీ జల్లెడ పాడై ప్రొటీన్ కారుతుంది, నాళాలు బిగుసుకుని బీపీ పెరుగుతుంది, లివర్, మెదడు అన్నిటికీ దెబ్బే. క్యాన్సర్‌కు వీఈజీఎఫ్‌ను ఆపే మందులు వాడిన రోగుల్లో కూడా బీపీ, యూరిన్‌లో ప్రొటీన్ కనిపించేవి, రెండూ ఒకే తీరు. 2003లో వాళ్లు గర్భంతో ఉన్న ఎలుకలకు ఈ ప్రొటీన్ ఎక్కిస్తే అచ్చం ఆ జబ్బు లక్షణాలే వచ్చాయి. (నా పేరు ఎందుకు అలా పెట్టుకున్నానో అర్థమైందా.)

ఇప్పుడు బీపీ అనుమానం ఉన్నవాళ్లకు ఎస్‌ఎఫ్‌ఎల్‌టీ-1, పీఎల్‌జీఎఫ్ నిష్పత్తి చూసే రక్తపరీక్ష వచ్చింది. 38 లేదా తక్కువ ఉంటే వచ్చే వారం రోజుల్లో ప్రీఎక్లాంప్సియా రాదని చాలావరకు ధైర్యంగా చెప్పొచ్చని 2016లో తేల్చారు.

జన్యువుల సంగతికి వస్తే, ఆ ప్రొటీన్ తయారుచేసే జన్యువు 13వ క్రోమోజోమ్ మీద ఉంది. బిడ్డకు 13వ క్రోమోజోమ్ మూడు ఉన్న గర్భాల్లో ప్రీఎక్లాంప్సియా ఎక్కువ. 2017లో వేలమంది బిడ్డల జన్యువులు జల్లెడ పడితే రిస్క్‌కు సంబంధించిన తేడా సరిగ్గా ఆ జన్యువు పక్కనే కనిపించింది, అదీ తల్లి జన్యువుల్లో కాదు, బిడ్డ జన్యువుల్లో. నార్వేలో 1998 లెక్క ఒకటుంది, ఒక మగవాడి వల్ల ఒక స్త్రీకి ప్రీఎక్లాంప్సియా గర్భం వచ్చి ఉంటే, అతని వల్ల గర్భం దాల్చిన వేరే స్త్రీకి కూడా రిస్క్ దాదాపు 1.8 రెట్లు. కాబట్టి తండ్రి వాటా ఉంది, తల్లి వాటా ఉంది. "తప్పు" అనేది మాత్రం జన్యువుల్లో ఉండదు, అన్నం దగ్గరే ఉంటుంది.

ఊరు_చెప్పను:
నేను మామూలుగా రాయను. నాకు మొదటాయన పోయాక రెండో పెళ్లి అయింది. మొదటి కాన్పు మామూలుగా జరిగింది, రెండో పెళ్లి తర్వాత కాన్పులో బీపీ వచ్చింది. "కొత్త భర్త అయితే ఇట్లా వస్తుంది" అని ఒక డాక్టర్ అందరి ముందూ అన్నారు, వార్డులో ఉన్న మా అత్తగారి తరఫువాళ్లు అది పట్టుకుని నన్ను ఎన్ని మాటలన్నారో. అది నిజమేనా? నేనేమైనా చేసి ఉండాల్సిందా?

ల్యాబ్_ఎలుక:
అక్కా, మీరు చేయాల్సిందేమీ లేదు. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతా. 1994లో రోబియార్ అనే డాక్టర్ గ్వాడలూప్ దీవిలో చూసి, దంపతులు కలిసి ఉన్న కాలం తక్కువైతే, లేదా భర్త మారితే రిస్క్ ఎక్కువని రాశారు. తల్లి ఒళ్లు తండ్రి కణాలకు అలవాటు పడాలి అన్నది ఆలోచన. తర్వాత 2002లో నార్వే రికార్డులు మొత్తం తీసి చూస్తే, భర్త మారడం కన్నా రెండు కాన్పుల మధ్య గడిచిన ఏళ్లే ఎక్కువ లెక్కలోకి వచ్చాయి. పదేళ్లు దాటితే మొదటి కాన్పంత రిస్క్. రెండో పెళ్లి అంటే ఎటూ మధ్యలో ఏళ్లు గడుస్తాయి కదా. కాబట్టి ఆ డాక్టర్ చెప్పింది ఒక పాత ముక్క. వార్డులో అందరి ముందు చెప్పాల్సిన ముక్క అంతకన్నా కాదు.

ఊరు_చెప్పను:
మాకు మధ్యలో పదకొండేళ్లు. ఇన్నాళ్లకు ఒకరు కాగితం మీద పెట్టారు. థాంక్స్ తమ్ముడూ.

పలమనేరు_అక్క:
తల్లీ, వాళ్ల మాటలు వదిలెయ్. బిడ్డ బాగుందా?

ఊరు_చెప్పను:
బాగుంది అక్కా, మూడో క్లాసు.

చిత్తూరు_ఆడిటర్:
ఇక్కడే నా అసలు భయం చెప్తా. మా చెల్లెలికి రెండుసార్లు గర్భం నిలవలేదు. పక్క రాష్ట్రంలో ఒక సంతాన కేంద్రానికి పోతే రక్తంలో ఎన్‌కే కణాలు ఎక్కువున్నాయి, నీ ఒళ్లే బిడ్డను చంపుతోంది అని చెప్పి, భర్త తెల్లకణాలు తీసి ఆమెకు ఇంజెక్షన్ ఇస్తామన్నారు, ఇంకేదో పాలలాంటి సెలైన్ కూడా. లెక్క లక్ష దాటింది. నేను లెక్కల మనిషిని, రశీదు అడిగితే "ప్యాకేజీ" అన్నారు. మీరు పైన చెప్పినదంతా ఇలాంటివాళ్లకు పెట్టుబడి అవుతోంది కదా?

ల్యాబ్_ఎలుక:
అవుతోంది సార్, ఆ కోపం నాకూ ఉంది. మొదటిది, చేతి నరం నుంచి తీసే రక్తంలో ఎన్‌కే కణాలు వేరు, గర్భసంచి పొరలోవి వేరు. ఇక్కడ లెక్కపెట్టి అక్కడి సంగతి చెప్పలేం. రెండోది, భర్త తెల్లకణాల ఇంజెక్షన్‌ను షికాగోలో కరోల్ ఓబర్ బృందం ట్రయల్ పెట్టి చూసింది, 1999లో ఫలితాలొచ్చాయి. ఇంజెక్షన్ ఇచ్చినవాళ్లలో 36 శాతం మందికి గర్భం నిలిచింది, ఉత్త సెలైన్ ఇచ్చినవాళ్లలో 48 శాతం. అంటే ఉపయోగం సున్నా. 2002లో అమెరికా మందుల సంస్థ పరిశోధన అనుమతి లేకుండా అది చేయొద్దని చెప్పింది.

అలాగని ఇమ్యూనిటీ కారణాలేవీ నిజం కాదని కాదు. యాంటీఫాస్ఫోలిపిడ్ సిండ్రోమ్ అని ఉంది (ఒంటి ఇమ్యూనిటీ సొంత ఒంటి మీదే తిరగబడి రక్తం గడ్డకట్టించే జబ్బు), దానికి పరీక్షలున్నాయి, ఆస్పిరిన్, హెపారిన్‌తో వైద్యం ఉంది. రెండు మూడుసార్లు గర్భం పోయినవాళ్లకు ముందు అది చూస్తారు. మీ చెల్లెలికి అది చేశారా?

చిత్తూరు_ఆడిటర్:
చేయలేదు. ప్యాకేజీలో లేదనుకుంటా. సోమవారం వేలూరు తీసుకుపోతున్నా, అడుగుతా.

రేణిగుంట_నర్సక్క:
చంద్రగిరి తమ్ముడూ, ఇంకో రెండు మాటలు. ముందు వచ్చినవాళ్లందరికీ మళ్లీ వస్తుందని కాదు, స్వీడన్ లెక్కలో రెండోసారి దాదాపు 15 శాతం మందికి వచ్చింది. మీ ఆవిడకు 33 వారాలకే వచ్చింది కాబట్టి కాస్త ఎక్కువే జాగ్రత్త. ఇంట్లో డిజిటల్ బీపీ మిషన్ పెట్టుకో. ఐదు నిమిషాలు కూర్చున్నాక, వీపు ఆనించి, చెయ్యి గుండె ఎత్తులో పెట్టి చూడాలి. చెయ్యి లావుగా ఉంటే పెద్ద పట్టీ అడిగి కొను, చిన్నదైతే లేని బీపీ చూపిస్తుంది. 140/90 దాటితే ఆ రోజే ఫోన్ చెయ్యి, 160/110 అయితే ఫోన్లు కాదు, బండెక్కించు. తగ్గని తలనొప్పి, చూపు మసక, కుడి డొక్క పైన నొప్పి, ఆయాసం, ముఖం ఉబ్బడం, ఇందులో ఏదొచ్చినా అర్ధరాత్రి అని చూడొద్దు. బీపీ మామూలుగా ఉన్నా రావాలి.

కాన్పు అయిపోయాక కూడా ఫిట్స్ రావచ్చు. పుట్టింటికి పోయాక వచ్చినవాళ్లను చూశా. ఫిట్స్‌కు మెగ్నీషియం సల్ఫేట్ ఉంది, 2002లో పదివేల మంది మీద చేసిన ట్రయల్‌లో ఫిట్స్ సగానికి తగ్గాయి. చౌక మందే. ఇచ్చాక మేము మోకాలి మీద తట్టి చూస్తుంటే కొందరు "ఎందుకమ్మా కొడతావు" అంటారు, అది మోతాదు మించిందేమో చూడ్డానికి.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా చూస్తారు, అదీ వాడుకో. మీ ఆవిడకు కాన్పుల తర్వాత కూడా ఏడాదికోసారి బీపీ చూపించు, ఇది వచ్చినవాళ్లకు తర్వాత వయసులో గుండె జబ్బు రిస్క్ ఎక్కువ. ఇది ఎవరూ చెప్పరు.

చంద్రగిరి_కోట:
అక్కా, రాసుకున్నా అంతా. డాక్టర్ దగ్గర ఎల్లుండికి టోకెన్ దొరికింది, పాత కాగితాలు బీరువాలో పట్టుచీరల కింద దొరికాయి. ల్యాబ్ తమ్ముడి పోస్టు అమ్మకు చదివి వినిపించా. తూము సంగతి బాగా అర్థమైంది ఆమెకు, "మీ తాత చివరి మడికి నీళ్లు పారక ఎన్ని గొడవలు పడ్డాడో" అంది. ఉప్పు గురించి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.

ల్యాబ్_ఎలుక:
అమ్మకు ఇంకోటి చెప్పండి. కడుపులో ఉన్నప్పుడు బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలోకి వెళ్లి ఏళ్ల తరబడి ఉండిపోతాయి. 1996లో డయానా బియాంకీ బృందం కొడుకు పుట్టిన 27 ఏళ్ల తర్వాత కూడా ఒక తల్లి రక్తంలో మగ కణాలను చూసింది. మీ కణాలు ఇప్పటికీ ఆమె ఒంట్లో తిరుగుతుండొచ్చు.

చంద్రగిరి_కోట:
చెప్పా. "అందుకేనా ఈ మధ్య నాకూ మొండితనం ఎక్కువైంది" అంది. మా ఆవిడ ఐదేళ్లలో మొదటిసారి అత్త మాటకు నవ్వింది. బావమరిది బీపీ మిషన్ కొనుక్కొచ్చాడు, డబ్బులు అడగలేదు. ఇప్పుడే చూశాం, 128/84. ఫర్వాలేదా అక్కా?

రేణిగుంట_నర్సక్క:
ఇప్పుడే అంటే కాఫీ తాగి, నవ్వులు అయ్యాకా? రేపు పొద్దున కాఫీకి ముందు, టాయిలెట్‌కు వెళ్లొచ్చాక, మాట్లాడకుండా రెండుసార్లు చూడండి. మధ్యలో ఒక నిమిషం ఆగండి. రెండూ పుస్తకంలో రాసి ఎల్లుండి డాక్టర్‌కు చూపించు.

చంద్రగిరి_కోట:
సరే అక్కా. పుస్తకం మా పాప తీసుకుని బొమ్మలు గీసేసింది, కొత్తది కొనాలి.